పదిమందికీ ఒకే క్షవరం

మా బావకి కోపం రాదు. ఇది పొగడ్త కాదు, ఫిర్యాదు. ముప్ఫయ్యేళ్ళుగా మా అక్క ఆయనకి కోపం తెప్పించాలని చూస్తోంది, ఆవిడ చెల్లెల్ని కాబట్టి నేనూ నా వంతు సాయం చేస్తూనే ఉన్నాను. ఎంత మాటన్నా చేతిలో దువ్వెన అద్దం ముందు పెట్టి, "అంతేనంటావా?" అని, మళ్ళీ దువ్వెన తీసుకుంటాడు. మనం ఒంటికాలి మీద లేచినప్పుడు ఎదుటివాడు కనీసం కనుబొమ్మ కూడా ఎత్తకపోతే అదెంత అవమానమో పడ్డవాళ్ళకే తెలుస్తుంది.

కోర్టు వెనక వీధిలో, టైపు కొట్టేవాళ్ళకీ జిరాక్సు తీసేవాళ్ళకీ మధ్య ఇరుక్కుని ఆయన కటింగు షాపు ఉండేది. పోయినేడు చెయ్యి వణకడం మొదలయ్యేదాకా నడిపాడు. రెండే కుర్చీలు. ఒకటి పైకి లేచి మళ్ళీ దిగనని మొరాయించింది. రెండోది కిందికి దిగి మళ్ళీ లేవనంది. పొట్టివాళ్ళు ఎత్తు కుర్చీలో, పొడుగువాళ్ళు లోతు కుర్చీలో కూర్చునేవారు. మధ్యరకం వాళ్ళు పక్క వీధి షాపుకి పోయేవారు. బాగు చేయించమని అక్క నెత్తీ నోరూ కొట్టుకునేది. అయినా ఆయనకి పనికి కొదవ లేదు. లాయర్లు, గుమస్తాలు, వాయిదా రోజున కాస్త మంచివాళ్ళలా కనిపించాలనుకునే ముద్దాయిలు, అందరూ ఆయన ముందు తల వంచినవాళ్ళే. నున్నగా గడ్డం గీయించుకుని వెళ్తే జడ్జీగారికి జాలి పుడుతుందని ముద్దాయిలకి ఒక నమ్మకం. ఆ నమ్మకం మీదే మా అక్క సంసారం నడిచింది.

ఆయన అసలు పనితనం మాత్రం షాపులో కాదు, జైల్లో. తప్పు చేసి వెళ్ళలేదు లెండి, పిలిస్తే వెళ్ళేవాడు. ఎక్కడైనా దొంగతనమో దోపిడీయో జరిగి పోలీసులు ఎవణ్ణో పట్టుకొస్తే, కళ్ళారా చూసిన సాక్షి వచ్చి వాణ్ణి గుర్తుపట్టాలి కదా. ఒక్కణ్ణే నిలబెట్టి చూపిస్తే ఎవరైనా వీడే అనేస్తారు. అందుకని ఇంచుమించు అదే ఎత్తు, అదే వయసు ఉన్న ఇంకో తొమ్మిదిమందితో కలిపి వాణ్ణి వరసలో నిలబెడతారు. గుర్తింపు పరేడ్ అంటారు. లోపల మేజిస్ట్రేట్ ఉంటారు, పోలీసులు గేటు బయటే ఆగిపోవాలి. సాక్షి వరస పొడవునా నడిచి వేలు పెట్టి చూపించాలి.

ఆ పదిమందినీ ఒక్కలా తయారుచేయడం మా బావ పని. లాకప్పులో ఉన్నవాడికి ఎనిమిది రోజుల గడ్డం ఉంటుంది, మిగతావాళ్ళు పొద్దున్నే గీసుకుని వచ్చి ఉంటారు. అలా నిలబెడితే పసిపిల్లాడైనా పట్టేస్తాడు. కాబట్టి పదిమందికీ ఒకే సబ్బు, ఒకే నీళ్ళు, ఒకే గంటలో క్షవరం. ఒకడికి సన్న మీసం ఉంటే అందరికీ సన్న మీసమే. అలాగే ఒకసారి మనుషులు తక్కువై వరసలో నిలబడ్డ జైలు గుమస్తా, ఇరవై రెండేళ్ళుగా పెంచుకున్న గుబురు మీసం పోగొట్టుకుని వారం రోజులు ఇంట్లోంచి బయటికి రాలేదు. ఒకడికి నడినెత్తిన బట్టతల ఉంటే పదిమంది నెత్తినా తువ్వాళ్ళు చుట్టించాడు. ఇక ఎవడికైనా కత్తి తగిలి చిన్న గాటు పడిందా, ఆ గాటు మీద ప్లాస్టరు వేసి, మిగతా తొమ్మిదిమందికీ సరిగ్గా అదే చోట ప్లాస్టరు అంటించేవాడు. తప్పు చేసినవాడెవడో తనకి చెప్పొద్దనేవాడు. చెప్పబోతే చెవిలో దూది పెట్టుకునేవాడు. నిజంగానే దూదే, ఆయన పెట్టెలో ఎప్పుడూ ఉండేది.

ఈ పద్ధతంటే ఒళ్ళు మండిపోయే మనిషి మా ఊరి ఇన్‌స్పెక్టరు. ఆయన ప్రతి మాటకీ "తేల్చేద్దాం" అంటాడు కాబట్టి మేమూ ఆయన్ని తేల్చేద్దాంగారనే అనేవాళ్ళం. పరేడ్ విఫలమైనప్పుడల్లా షాపుకొచ్చి ఎత్తు కుర్చీలో కాళ్ళు వేలాడేసుకుని కూర్చుని గొడవ పెట్టుకునేవాడు. నేను నెలరోజులు తిరిగి పట్టుకొస్తాను, నువ్వు అరగంటలో వాణ్ణి పదిమంది కవలల్లో కలిపేస్తావు, ఇంక నేనెందుకు, యూనిఫాం నీకే ఇచ్చేస్తాను అనేవాడు. మా బావ ఆయన బుగ్గకి సబ్బు రాస్తూ, నిజంగా చూసినవాడికి నా ప్లాస్టరు అడ్డం రాదండీ అనేవాడు. అదీ నిజమే. బస్సులో గొలుసు తెంపినవాణ్ణి గుర్తుపట్టడానికి వచ్చిన కండక్టరు, వరస మొదట్లో నిలబడి ఒక్కసారి అటూ ఇటూ చూసి, నేరుగా వెళ్ళి ఎనిమిదోవాడి చొక్కా పట్టుకున్నాడట. విడిపించడానికి ఇద్దరు వార్డర్లు పట్టారట. ఆ వేళ బావ ఇంటికి నవ్వుకుంటూ వచ్చాడు.

షాపులో ఇంకో విచిత్రం ఉండేది. పొడుగ్గా, ఎండిన చెరుకుగడలా ఉండే ఒకాయన రెండు వారాలకోసారి వచ్చేవాడు. ఎంతమంది కాచుకుని ఉన్నా సరే, ఆయన గుమ్మంలో కనిపించగానే బావ లోతు కుర్చీలో ఉన్నవాణ్ణి సగం గడ్డంతో లేపేసి ఆయన్ని కూర్చోబెట్టేవాడు. ఒకసారి సగం గడ్డంతో లేచింది సాక్షాత్తూ ప్రభుత్వ ప్లీడరు. ఆ పొడుగాయనకి మేం మహారాజావారని పేరు పెట్టాం. ఎవరాయన, మీ చుట్టమా అని అడిగితే బావ ఎప్పుడూ జవాబు చెప్పలేదు. అక్క కూడా అడిగి అడిగి ఊరుకుంది.

ఇక నా సంగతి. బట్టల వీధిలో మూడంతస్తుల పాత భవనం కింద నాకో కొట్టు ఉంది. గుండీలు, దారాలు, లైనింగు గుడ్డ. పైన మూడో అంతస్తులో నేనూ మా అమ్మా ఉంటాం. పెళ్ళి చేసుకోలేదు, తీరిక లేక. నా కన్ను గురించి ఈ వీధిలో ఎవర్నైనా అడగండి. గుడ్డ ముక్క తేకుండా వచ్చి, మొన్న కట్టుకున్నానే ఆ రంగు అంటే చాలు, సరిగ్గా ఆ రంగు దారం తీసి బల్ల మీద పెడతాను. ఆరు నెలల కిందట అమ్మిన గుండీ ఏ చొక్కాకి వెళ్ళిందో చెప్తాను. ఈ గొప్ప ఇక్కడెందుకు చెప్తున్నానో ముందు ముందు మీకే తెలుస్తుంది, నా పరువు పోయేది అక్కడే.

ఎనిమిదేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం మా అమ్మ పళ్ళ డాక్టరు దగ్గర్నుంచి కొత్త పళ్ళ సెట్టుతో వచ్చింది. పెట్టుకుంటే ఒరుసుకుంటోందని దారిలోనే తీసి డబ్బాలో పెట్టి, డబ్బాని చేతిసంచిలో వేసుకుంది. మెట్లెక్కుతుంటే పైనుంచి దిగుతున్న ఒకడు సంచి లాగాడు. మా అమ్మ ఏ వస్తువునీ ఊరికే వదిలే రకం కాదు. గట్టిగా పట్టుకుంది. వాడు తోశాడు. తొమ్మిది మెట్లు దొర్లింది. చప్పుడు విని నేను కొట్టులోంచి బయటికి పరిగెత్తుకొస్తే వాడు నా భుజానికి గుద్దుకుంటూ పోయాడు. పోతూ నా మొహంలోకి చూశాడు, నేనూ వాడి మొహంలోకి చూశాను. మెట్ల మీద మా అమ్మ కాలు ఉండకూడని వైపుకి తిరిగి ఉంది.

తుంటి ఎముక విరిగింది. ఆపరేషను చేసి లోపల ఇనుప కడ్డీ పెట్టారు. ఇక జన్మలో కర్ర లేకుండా నడవదన్నారు. అప్పటిదాకా మూడంతస్తులు రోజుకి నాలుగుసార్లు ఎక్కి దిగి, వీధివీధంతటినీ పలకరించి వచ్చే మనిషి. ఆసుపత్రి మంచం మీద, బోసినోటితో, "వాణ్ణి తర్వాత ఉరి తీద్దురుగాని, ముందు నా పళ్ళు తెప్పించండే" అంటుంటే అక్క నవ్వలేక ఏడ్చింది. నేను ఏడవలేదు. నాకు వాడు కావాలి. వాడు జైల్లో కూర్చోవాలి, కూర్చుని కూర్చుని వాడి తుంటి కూడా పట్టెయ్యాలి. ఆ రోజుల్లో నేను తిన్నదీ తాగిందీ ఆ కోపమే.

నాలుగు వారాలకి తేల్చేద్దాంగారు కబురు పెట్టాడు. దొరికాడట. ఎదుటి భవనానికి రంగులు వేయడానికి వచ్చిన కూలీ. ఆ మధ్యాహ్నం పనిలోంచి గంటసేపు కనిపించలేదట, గతంలో సైకిలు దొంగతనం కేసు కూడా ఉందట. సంచి దొరకలేదు, పళ్ళూ దొరకలేదు. మెట్ల చీకట్లో మీ అమ్మగారికి వాడి మొహం ఆనలేదు, చూసింది మీరొక్కరే అమ్మా, మీరు వేలు పెడితే కనీసం అయిదేళ్ళు, పెట్టకపోతే రేపోమాపో బయటికొస్తాడు, తేల్చేద్దాం అన్నాడు. వీడేనా అని నేనడిగాను. నూటికి నూరుపాళ్ళూ వీడే అన్నాడు. నాకు అంతకన్నా ఏం కావాలి?

భయం మాత్రం మా బావంటేనే. ఆయన చేతిలో పడితే ఆ పదిమందీ ఒక్కలాగే ఉంటారని నాకు తెలుసు కదా. ఆ సాయంత్రమే అక్క ఇంటికి వెళ్ళాను. ఇద్దరం కలిసి ఆయన్ని భోజనం బల్ల దగ్గర పట్టుకున్నాం. చెప్పాల్సింది నేనే చెప్పాను. వాడు రంగులు వేసేవాడు, గోళ్ళ సందుల్లో రంగు ఉంటుంది, ఒంటి మీద టర్పెంటైన్ వాసన ఉంటుంది, నీకు ఇట్టే తెలిసిపోతుంది. వాడికి ఎడమ చెవి పక్కన దిగే జుట్టు ఒక వేలెడు పొడుగు ఉంచు. అంతే. ఎవరికీ తెలియదు. నేను చూసుకుంటాను.

బావ దూది కోసం వెతుక్కోలేదు. నేను చెప్పడం అయ్యేదాకా విన్నాడు. అక్క కళ్ళొత్తుకుంటూ, మా అమ్మ మీకు అమ్మ కాదా అంది. ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి, "వాడేనని నీకు తెలుసా?" అని నన్నడిగాడు.

"తెలుసు. ఇన్‌స్పెక్టరుగారు నూటికి నూరుపాళ్ళన్నాడు."

"ఆయన సంగతి కాదు. నువ్వు."

"కళ్ళారా చూశాను బావా. ఆ మొహం నా కళ్ళ ముందే ఉంది. జుట్టు సంగతి ఎందుకంటే, నీ మాయకి ఎక్కడ తడబడతానో అని."

నా ముందు కంచం పెట్టాడు. తర్వాత, "సరే. ఎడమవైపు జుట్టు సంగతి నేను చూసుకుంటాను" అన్నాడు. ఆ రాత్రి నాలుగు వారాల తర్వాత మొదటిసారి కడుపునిండా తిన్నాను.

పరేడ్ రోజున జైలు గేటు బయట తేల్చేద్దాంగారు నాకు కుర్చీ వేయించాడు, మంచినీళ్ళు తెప్పించాడు, పెళ్ళికూతుర్ని పంపినట్టు లోపలికి పంపాడు. మేజిస్ట్రేట్ ఒకావిడ. దగ్గర చూపుకొకటి, దూరపు చూపుకొకటి రెండు కళ్ళజోళ్ళు ఉన్నాయి. ఒకటి ముక్కు మీద, ఒకటి నెత్తి మీద. తొందరేమీ లేదు, కావలసినంతసేపు చూసుకోండి, ఉంటే చూపించండి, లేకపోతే లేదని చెప్పండి అంది. నాకు లోపల నవ్వొచ్చింది. ఎంతసేపమ్మా, ఒకటో చెవి నుంచి పదో చెవి దాకా నడవడమే కదా అనుకున్నాను.

పొడవాటి గది, సున్నం గోడ, గోడకి ఆనుకుని పదిమంది. అందరికీ గడ్డం మీద కుడివైపున ప్లాస్టరు. తలుపు తీయగానే టర్పెంటైన్ వాసన గుప్పుమంది. వాడు దగ్గర్లోనే ఉన్నాడు అనుకున్నాను. మొదటివాడి దగ్గరికి వెళ్ళి ఎడమ చెవి చూశాను. జుట్టు వేలెడు పొడుగు దిగి ఉంది. అబ్బ, మొదటివాడే! వేలు సగం లేచింది. ఎందుకో, మరీ మొదట్లోనే చూపిస్తే బాగుండదని, ఊరికే పక్కవాణ్ణి కూడా చూశాను. వాడికీ వేలెడు పొడుగు. మూడోవాడికీ. నాలుగోవాడికీ. చివరిదాకా నడిచాను. పదిమందికీ ఎడమవైపు జుట్టు వేలెడు పొడుగు ఉంది. పదిమందీ టర్పెంటైన్ కంపు కొడుతున్నారు. ఆయన పదిమంది గోళ్ళూ టర్పెంటైన్‌తో కడిగించాడు!

నా ఒంట్లో రక్తం సలసలా మరిగిపోయింది. వరసలో నిలబడ్డవాడి కన్నా మా బావని పట్టివ్వాలనిపించింది. మేజిస్ట్రేట్‌గారు కళ్ళజోడు మార్చుకుని నన్నే చూస్తోంది. ఇక చేసేదేముంది, వెనక్కి తిరిగి మొహాలు చూడటం మొదలుపెట్టాను.

అప్పటిదాకా ఒక్క మొహం కూడా చూడలేదని అప్పుడే తెలిసింది. ఒకడికి చెమటలు కారుతున్నాయి. ఒకడు నా కాళ్ళ వైపు చూస్తున్నాడు. ఒకడి కళ్ళల్లో నీళ్ళున్నాయి, టర్పెంటైన్ వల్లేనేమో. నా కళ్ళ ముందు నాలుగు వారాలుగా ఉన్న మొహాన్ని బయటికి తీసి వీళ్ళ పక్కన పెడదామని చూశాను. తీస్తే ఏముంది? బూడిద రంగు చొక్కా ఉంది. దాని పై గుండీ నాలుగు రంధ్రాలది, అంచు విరిగింది, కుట్టిన దారం నలుపు. ఇప్పటికీ ఆ గుండీకి జత తీసి ఇవ్వగలను. ఆ చొక్కా పైన ఉండాల్సిన మొహంలో మాత్రం నా కోపం తప్ప ముక్కూ లేదు, నోరూ లేదు.

మూడుసార్లు అటూ ఇటూ నడిచాను. ఏడోవాడి దగ్గర కాళ్ళు ఆగాయి. వాడి చూపులో ఒక పొగరుంది. వీడే అయ్యుండాలి అనిపించింది. చూసేకొద్దీ వీడే అనిపించింది. మా అమ్మ కాలు గుర్తొచ్చింది. వేలు మళ్ళీ లేచింది. "వాడేనని నీకు తెలుసా?" అన్న ఆ పాడు ప్రశ్న అడ్డొచ్చింది. తెలియదు. అయ్యుండాలి అనిపిస్తోందంతే. నోరు తెరిచి, "గుర్తుపట్టలేనండీ" అన్నాను.

గేటు బయట తేల్చేద్దాంగారు మంచినీళ్ళు కావాలా అని కూడా అడగలేదు. నేను నేరుగా షాపుకి వెళ్ళాను. బావ అప్పటికే జైలు నుంచి తిరిగొచ్చి, లోతు కుర్చీలో మహారాజావారికి గడ్డం గీస్తున్నాడు. గుమ్మంలోంచే మొదలుపెట్టాను. నమ్మించి గొంతు కోశావన్నాను. దొంగల పక్షపాతివన్నాను. మా అమ్మ కర్ర పట్టుకుని నడిచే ప్రతి అడుగూ నీ ఖాతాలోదే అన్నాను. సాక్షి నీ మరదలని మేజిస్ట్రేట్‌కి చెప్పి నీ పరేడ్ల పని ఊడగొట్టిస్తానన్నాను. ఆ చివరి మాటకి మాత్రం ఆయన కత్తి తీసి పక్కన పెట్టాడు.

"చెప్పాను. పొద్దున్నే చెప్పాను. సాక్షి మా మరదలండీ, వేరేవాళ్ళని పిలవండీ అంటే, మీ చెయ్యి వణుకుతుందా అనడిగారు. మా మరదలంటే మా ఇంట్లో అందరికీ వణుకేనండీ, కత్తి పట్టుకున్నప్పుడు మాత్రం వణకదన్నాను. అయితే మీరే చెయ్యండన్నారు."

"జుట్టు చూసుకుంటానని నాకెందుకు చెప్పావు మరి?"

"చూసుకున్నాను కదా."

చేతికి దువ్వెన దొరికింది, విసిరేశాను. ఆయన తల పక్కకి తీశాడు. తర్వాత తువ్వాలుతో చేతులు తుడుచుకుని, నా వైపు కాకుండా అద్దంలోకి చూస్తూ చెప్పాడు. ముప్ఫయ్యేళ్ళలో నేను ఆయన నోట విన్న అతి పెద్ద మాట అదే.

"నా మొదటి పరేడ్‌లో నేను ఒక్కడికే క్షవరం చేశాను. మిగతావాళ్ళు ఇళ్ళ దగ్గర చేసుకుని వచ్చారు. కొత్త కత్తి, పైగా జైలంటే భయం. వాడి బుగ్గ మీద గాటు పెట్టాను. రక్తం ఆగక దూది అంటించాను. సాక్షి వచ్చి, దూది ఉన్నవాణ్ణి చూపించి పోయాడు. మొహం చూడలేదు, దూది చూశాడు. అసలు దొంగ ఇంకో ఊళ్ళో ఇంకో కేసులో దొరికి, ఇది కూడా నేనే చేశానని ఒప్పుకున్నాక ఇతన్ని వదిలారు. నాలుగేళ్ళు."

లోతు కుర్చీలో, సబ్బు నురగ కిందనుంచి మహారాజావారి గొంతు వినిపించింది. అన్నేళ్ళలో ఆయన మాట్లాడగా నేను వినడం అదే మొదలు.

"నాలుగేళ్ళ రెండు నెలలమ్మా" అన్నాడు.

నా నోరు మూతపడింది. ఇది జరిగిందని మా అక్కని అడిగి ధ్రువపరచుకోవచ్చు, నా నోరు మూతపడటం ఆవిడ ఇప్పటికీ పండగలా చెప్పుకుంటుంది. మహారాజావారికి అప్పటికే పెళ్ళి కుదిరి ఉందట, అది తప్పిపోయింది. అన్న ఇంట్లో గది ఉండేదట, అదీ పోయింది. బయటికొచ్చిన వారానికి మా బావ వెతుక్కుంటూ వెళ్ళి, గాటు పెట్టింది నేనేనని చెప్పాడట. ఆయన కొట్టలేదు, తిట్టలేదు. గడ్డం పెరిగింది, చేస్తావా అన్నాడట. అప్పట్నుంచీ చేస్తున్నాడు.

వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగి, ఇంతకీ ఆ ఏడోవాడెవడు అని అడిగాను. అదైనా తెలిస్తే చాలనుకున్నాను.

"జైలు వంటగదిలో ఖైదీ. పదకొండేళ్ళుగా గేటు దాటలేదు" అన్నాడు బావ.

ఇంటికెళ్ళి మా అమ్మకి అంతా చెప్పాను. ఏడోవాడి సంగతి కూడా. మా అమ్మ బోసినోరు తెరిచి మంచం ఊగేలా నవ్వింది. తుంటి నొప్పి పుట్టి ఆగింది. "నీ కన్ను గుండీలకే పనికొస్తుందే" అంది. కాసేపటికి, నవ్వంతా అయిపోయాక, నా చెయ్యి పట్టుకుని అలాగే పడుకుంది. అక్క మాత్రం బావతో మూడు వారాలు మాట్లాడలేదు. ఆ ప్రశాంతతకి ఆయన కాస్త ఒళ్ళు చేశాడు.

రెండు వారాల తర్వాత అక్క అలక ఇంకా తీరక, బావకి మధ్యాహ్నం భోజనం నేనే తీసుకెళ్ళాల్సి వచ్చింది. ఎత్తు కుర్చీలో ఒక కుర్రాడు కూర్చున్నాడు. కుడివైపు జుట్టు పొట్టి, ఎడమవైపు జుట్టు వేలెడు పొడుగు. గోళ్ళ నిండా ఎండిన రంగు. ఆ ఉదయమే వదిలారట, రెండు వైపులా సమానం చేయించుకుందామని వచ్చాడట. వరసలో మూడోవాడు. ఆ రోజు వాడి ముందు నేను ఒక్క క్షణం కూడా ఆగలేదు.

భోజనం డబ్బా బల్ల మీద పెట్టి, కట్టె విరిచినట్టు అడిగేశాను. "మా అమ్మ పళ్ళు నీ దగ్గరున్నాయా?"

వాడు బెదిరిపోయి నోరు తెరిచాడు. ముందు పళ్ళు రెండు లేవు. "నావే పోయాయమ్మా. స్టేషన్లో."

బావ కుర్చీని నా వైపుకి తిప్పాడు. "ఇప్పుడు ఎవరూ తొందరపెట్టరు. చూడు, ఎంతసేపైనా చూడు" అన్నాడు. చూశాను. వెలుతురు బాగా ఉంది. వాడూ తల వంచకుండా నన్ను చూడనిచ్చాడు. వాడే అనుకుని చూస్తే వాడే. కాదనుకుని చూస్తే ఎవరో పాపం రంగులు వేసుకునేవాడు. వీడే అయితే మా అమ్మ తుంటి విరగ్గొట్టినవాడు నా ఎదురుగా దర్జాగా కుర్చీలో కూర్చున్నాడు, నేను వాణ్ణి చేతులారా వదిలేశాను. ఆ మంట నాకు ఇప్పటికీ ఉంది, ఏమీ తగ్గలేదు. వీడు కాకపోతే ఏం జరిగి ఉండేదో మహారాజావారు కూర్చునే లోతు కుర్చీ వైపు చూస్తే తెలుస్తూనే ఉంది.

"తెలియట్లేదు బావా" అన్నాను.

వాడు దణ్ణం పెట్టబోయాడు, మీరు దయగలవారమ్మా అంటూ. నాకు ఒళ్ళు మండిపోయింది. చెయ్యని దయకి దణ్ణాలు పెట్టించుకోవడం నా వల్ల కాదు.

"ఆపు. నీ ఒక్కడికే ఆ జుట్టు పొడుగు ఉంచమని నేనే అడిగాను. ఆయన ఉంచి ఉంటే నిన్నే చూపించేదాన్ని. నీ మొహం కూడా చూసేదాన్ని కాదు."

వాడి చెయ్యి ఎడమ చెవి పక్కకి వెళ్ళింది. జుట్టుని వేళ్ళతో తడిమి చూసుకున్నాడు. బావ కత్తెర తీసి, సమానం చేసెయ్యనా అనడిగాడు.

"వద్దండీ. ఎడమది ఉండనివ్వండి. కుడిదే పెంచుకుంటాను" అన్నాడు.

బావ కత్తెర పక్కన పెట్టి, వాడి మెడ చుట్టూ కట్టిన గుడ్డ విప్పి దులిపాడు. వాడు ఈ ఊళ్ళోనే ఉన్నాడు. ఇప్పుడు రెండు వైపులా జుట్టు పొడుగ్గానే ఉంటుంది. కొట్టు ముందునుంచి నిచ్చెన మోసుకుంటూ పోతుంటే నేను ముందు చెవి పక్కన చూస్తాను, తర్వాత మొహం చూస్తాను. పైనుంచి మెట్ల మీద మా అమ్మ కర్ర చప్పుడు వినిపిస్తూ ఉంటుంది. వాడేనో కాదో నాకు ఇప్పటికీ తెలియదు.